ఎదురింటి కెమెరా మా గుమ్మంలోకి చూస్తోంది. స్నేహం చెడకుండా ఎలా తిప్పించాలి?

బ్రాడీపేట టైలర్ (గుంటూరు) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం అండి. మాది గుంటూరు బ్రాడీపేటలో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. రెండో అంతస్తులో ఉంటాం. నేను ఇంట్లోనే జాకెట్లు, చుడీదార్లు కుడతాను, పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. మావారు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమస్తా. మా అమ్మాయికి మంగళగిరిలో ఉద్యోగం. షిఫ్టు అయిపోయి ఆఫీసు క్యాబ్ దిగేసరికి రాత్రి పదకొండున్నర, ఒక్కోసారి పన్నెండు అవుతుంది.

ఎదురు ఫ్లాట్లో బాబాయి గారు, పిన్ని గారు ఉంటారు. చుట్టరికం ఏమీ లేదు, పన్నెండేళ్ల ఇరుగుపొరుగు. రెండేళ్ల క్రితం మావారికి అర్ధరాత్రి గుండెల్లో నొప్పి వస్తే కారు తీసి కొత్తపేటలో ఆసుపత్రికి తీసుకెళ్లింది బాబాయి గారే. తెల్లారేదాకా మా అమ్మాయి పక్కన కూర్చుంది పిన్ని గారు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, స్టేషన్‌కి వెళ్లి కంప్లైంట్ ఇవ్వండి అనే సలహా నేను పాటించలేను.

ఈ ఫిబ్రవరిలో పిన్ని గారు కూరగాయల సంచితో మెట్లెక్కుతుంటే మొదటి అంతస్తు మలుపులో ఎవడో మెడలో నానుతాడు తెంపుకుపోయాడు. అయిదు కాసులది. మెడ మీద గీరుకున్న మచ్చ ఇప్పటికీ ఉంది. వారం తిరగకుండా బెంగళూరు నుంచి వాళ్లబ్బాయి వచ్చి తలుపు పైన కెమెరా బిగించి వెళ్లాడు. తల తిప్పుతూ చూసే రకం. మనిషి కదిలితే అటే తిరుగుతుంది. మాటలు కూడా వినపడతాయట. అది చూసేది సరిగ్గా మా గుమ్మం వైపు.

నా పని అలాంటిది కాబట్టి తలుపు పొద్దున తొమ్మిది నుంచి తీసే ఉంటుంది. హాల్లోనే మిషను. మూలన తీగకి పరదా వేలాడదీశాను, వేసుకుని చూసుకోవడానికి. కుట్టించుకునేవాళ్లు జాకెట్టు తొడుక్కుని, హుక్కులు పూర్తిగా పెట్టకుండానే పరదా పక్కకి జరిపి 'చంక దగ్గర పట్టేస్తోంది, చూడక్కా' అంటారు. ఆడవాళ్లమే కదా అని ఇన్నేళ్లూ ఎవరూ ఆలోచించలేదు. మొన్నామధ్య ఒకమ్మాయి పైట సర్దుకుంటూ అటు చూసి, 'అక్కా, ఆ ఎర్ర లైటు మనల్నే చూస్తోందా?' అంది. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. అప్పట్నుంచి తలుపు వేసే కుడుతున్నాను. ఈ రోళ్లు పగిలే ఎండలో, ఒక్క కిటికీ ఉన్న హాల్లో, ఇస్త్రీ పెట్టె పక్కన.

అయినా నేను ఇక్కడ రాయడానికి కారణం వేరే. పోయిన గురువారం రాత్రి కింద గేటు తెరిచే ఉండిపోయింది. చివరగా ఎవరొచ్చారని పొద్దున్నే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో అడిగారు. వాళ్లబ్బాయి బెంగళూరులో కూర్చుని కెమెరా రికార్డింగు వెతికి ఒక ముక్క గ్రూపులో పెట్టాడు. దాని మీద టైము 11:42. మా అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. గుమ్మం దాకా వచ్చి బెల్ కొట్టకుండా వెనక్కి తిరిగి పై మెట్టు మీద కూర్చుంది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత చున్నీతో మొహం తుడుచుకుంది, ఫోను అద్దంలా పట్టుకుని చూసుకుంది, జుట్టు సర్దుకుంది, అప్పుడు బెల్ కొట్టింది. మొత్తం నాలుగు నిమిషాలు. నేను తలుపు తీసినప్పుడు నవ్వుతూ లోపలికి వచ్చింది. అన్నం వేడిగా ఉందా అని అడిగింది. నాకు ఏమీ తెలియలేదు.

గ్రూపులో ముప్పై నాలుగు మంది ఉన్నారు. ఒకావిడ 'అయ్యో పాపం ఏమైంది' అని, ఇంకొకాయన 'ఏదో లవ్ మేటర్ అయి ఉంటుంది' అని పెట్టారు. మా అమ్మాయి అదే గ్రూపులో ఉంది. 'నాకు ఇంట్లో మొహం ఎలా పెట్టాలో తెలియక అక్కడ కూర్చున్నానమ్మా. అక్కడ కూడా ఎవరో చూస్తున్నారంటే ఇంకెక్కడ కూర్చోను?' అంది.

చట్టం ఏమైనా ఒప్పుకుంటుందా, కెమెరాలో ఏమైనా మార్చొచ్చా, ఆ మనిషికి ఎలా చెప్పాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

కృష్ణలంక అడ్వకేట్ (విజయవాడ)

మేడమ్, ముందు కుట్టుపని సంగతి. ఒక స్త్రీ బట్టలు మార్చుకునేటప్పుడు, ఎవరూ చూడరని నమ్మే చోట, ఆమెను చూడటం లేదా చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి శిక్ష ఏడాది నుంచి మూడేళ్లు. ఐటీ చట్టంలో 66ఈ సెక్షన్ కూడా ఉంది. అది ఉద్దేశపూర్వకంగానో తెలిసో తీస్తే వర్తిస్తుంది. బాబాయి గారికి ఆ ఉద్దేశం లేదని మీరే అంటున్నారు కాబట్టి ఈ రోజుకి అక్కడ కేసు లేదు. కానీ మీరు చెప్పాక, విషయం తెలిసి కూడా కెమెరాని అలాగే ఉంచితే సంగతి మారుతుంది. అందుకని నోటితో చెప్పినా సరే, తేదీ నిలిచేలా మర్యాదగా ఒక మెసేజ్ కూడా పెట్టండి. ఎవరినీ బెదిరించడానికి కాదు, మీ కుట్టింపుకి వచ్చే ఆడవాళ్ల కోసం.

గోప్యత ప్రాథమిక హక్కు కదా అని మీరు అడగొచ్చు. అవును. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ మాట చెప్పారు. ఆ తీర్పు వచ్చింది ఆధార్ మీద కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి గారు వేసిన పిటిషన్‌లోనే. అయితే ఆ తీర్పు ముఖ్యంగా ప్రభుత్వాన్ని అదుపులో పెట్టడానికి పనికొచ్చేది. ఎదురింటివారితో పేచీకి దాన్ని నేరుగా పట్టుకెళ్లడం తేలిక కాదు.

డేటా రక్షణ చట్టం అనగానే 250 కోట్ల జరిమానా అని పేపర్లో చదివి నా దగ్గరికి వస్తారు జనం. 2023లో వచ్చిన ఆ చట్టం మూడో సెక్షన్‌లోనే ఉంది, ఒక వ్యక్తి సొంత అవసరానికి, ఇంటి అవసరానికి వాడే డేటాకి ఈ చట్టం వర్తించదని. ఇంటి తలుపు మీద కెమెరా అంటే ఎవరైనా ముందు ఆ మినహాయింపే చూపిస్తారు. ముప్పై నాలుగు మంది గ్రూపులో వీడియో పెట్టడం ఇంటి అవసరం ఎలా అవుతుందని వాదించవచ్చు, నేనైతే వాదిస్తాను. కానీ దాని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు అక్కడి నుంచి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు.

వీటికన్నా మీకు దగ్గరగా ఉండే పాత చట్టం ఒకటి చెబుతాను. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం. ఆ రోజుల్లో అది మొదట అమలైన చోట్లలో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి, అంటే మన గుంటూరు కూడా. అందులో 18వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ రాశారు. ఊరి ఆచారం ఉంటే, పక్కింటి లోపలి భాగాలు కనబడేలా కొత్త కిటికీ తెరవకూడదు అని. 1888లో అలహాబాద్ హైకోర్టు ఆ ఆచారాన్ని గుర్తించింది కూడా. ఆచారం ఉందని రుజువు చేయాలి, అదే కష్టం. కానీ కిటికీ అన్న చోట కెమెరా అని పెట్టుకుని చదవండి. మీరు అడుగుతున్నది కొత్త కోరికేమీ కాదు.

మీ చేతిలో ఉన్న అసలు దారి 1987 అపార్ట్‌మెంట్ల చట్టం. కారిడార్ అందరి ఉమ్మడి స్థలం. ఉమ్మడి గోడ మీద ఏది బిగించాలన్నా అసోసియేషన్ మాట్లాడవచ్చు, జనరల్ బాడీలో తీర్మానం పెట్టించవచ్చు.

ఇక మీ అమ్మాయి మెట్టు మీద కూర్చున్న ఆ నాలుగు నిమిషాలు. కామన్ కారిడార్, ఒంటి నిండా బట్టలు, వీడియోలో అబద్ధం లేదు. దానికి సూటిగా సరిపోయే సెక్షన్ నాకు కనబడటం లేదు. ఇరవై రెండేళ్లుగా ప్రాక్టీసులో ఉన్నాను. ఒక తల్లికి ఈ మాట రాయడం కష్టంగా ఉంది.

లక్ష్మీపురం వాసి

అందరూ అన్నీ రాస్తున్నారు గానీ, తప్పు చేయనివాళ్లకి కెమెరా అంటే భయమెందుకు? ఆ గొలుసు దొంగ మళ్లీ వస్తే మీ ఇంటికి కూడా అదే కెమెరా రక్ష.

బ్రాడీపేట టైలర్

అన్నయ్య గారూ, దొంగ భయం నాకూ ఉంది. కెమెరా తీసేయమని నేను ఎక్కడా రాయలేదు. మా అమ్మాయి ఏ తప్పూ చేయలేదు, ఏడ్చింది. మీ ఇంట్లో ఎవరైనా ఏడ్చినప్పుడు ముందు తలుపు వేసుకుంటారు కదా, అది తప్పు చేశారని కాదు కదా. నేను పద్దెనిమిదేళ్లుగా ఈ వీధి ఆడవాళ్ల కొలతలు రాసుకుంటున్నాను. ఎవరికి ఆపరేషన్ అయి ఒక పక్క చిక్కిందో, ఎవరి వీపు మీద దెబ్బల మచ్చలు ఉన్నాయో నాకు తెలుసు. ఆ కొలతల పుస్తకం మావారు కూడా ఎప్పుడూ తెరవలేదు. వాళ్లెవరూ తప్పు చేసినవాళ్లు కాదండీ.

కెమెరాల ఫిట్టర్, గవర్నర్‌పేట

అక్కా, నేను బెజవాడలో రోజుకి మూడు నాలుగు ఇళ్లకి కెమెరాలు బిగిస్తాను. మీ సంగతి పది నిమిషాల పని, మనుషులు ఒప్పుకుంటే.

మొదట వాళ్లింటికి వెళ్లి ఆ కెమెరాలో ఏం కనబడుతోందో ఫోన్లో చూపించమని అడగండి. మీరూ వాళ్లూ కలిసి చూడాలి. గోడ మీద ఉన్న కెమెరాని చూసి వాదించుకుంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

తిరిగే రకం కాబట్టి యాప్ సెట్టింగ్స్‌లో మనిషి వెంట తిరిగే ఆప్షన్ ఒకటి ఉంటుంది. అది ఆపేయండి. మాటల రికార్డింగుకి వేరే బటన్ ఉంటుంది, అదీ ఆపండి. చాలా మోడళ్లలో ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది. తెరలో మీ గుమ్మం ఎక్కడ కనబడుతుందో అక్కడ వేలితో డబ్బా గీస్తే అంత మేరా నల్లగా రికార్డవుతుంది. తర్వాత ఎవరు ఎంత వెతికినా ఆ నలుపు వెనక బొమ్మ ఉండదు. ఆ కెమెరా ఎన్ని ఫోన్లకి షేర్ అయిందో కూడా లిస్టు కనిపిస్తుంది. వాళ్లబ్బాయి ఫ్రెండ్‌కో, బిగించిన కుర్రాడికో అప్పుడు ఇచ్చి మర్చిపోయి ఉంటారు. నేను వెళ్లిన ఇళ్లలో ఇది ఎన్నిసార్లు చూశానో. పాస్‌వర్డ్ 12345 అని ఉంటే ఆ రోజే మార్చమనండి.

ఇంకో ముఖ్యమైన మాట. దొంగ కోసమే అయితే ఆ కెమెరా తప్పు చోట ఉంది. గొలుసు పోయింది మెట్ల మలుపులో. మీ తలుపు చూస్తుంటే దొంగ వీపు కూడా పడదు. మొహం పడాలంటే మనిషి ఎదురుగా ఎక్కి వచ్చే చోట, ఏడెనిమిది అడుగుల ఎత్తులో పెట్టాలి. లెన్స్ కూడా చూడాలి. 2.8 ఎంఎం అయితే వెడల్పుగా ఊరంతా కనబడుతుంది గానీ మొహం చిన్నదవుతుంది. 6 ఎంఎం అయితే ఇరుకుగా మెట్ల వరకే చూస్తుంది, మొహం తెలుస్తుంది. బాబాయి గారికి ఈ మాట చెప్పండి, ఆయనే తిప్పించుకుంటారు.

మెమరీ కార్డులో పాతది చెరిగిపోతూ కొత్తది పడుతుంది, దాని గురించి టెన్షన్ వద్దు. ఫోన్లోకి సేవ్ చేసుకున్న ముక్క మాత్రం దానంతట అది చెరగదు. దాన్ని అడిగి తీయించండి.

పటమట మాస్టారు

అమ్మా, నేను లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. మా ఆవిడ పోయి మూడేళ్లు దాటింది. ఇద్దరు అబ్బాయిలూ డాలస్‌లో ఉన్నారు. మా ఇంట్లో నాలుగు కెమెరాలు పెట్టించారు. కాబట్టి నీ బాబాయి వైపు నుంచి కూడా ఒక మాట వినాలి.

వయసు పైబడ్డాక భయం వేరుగా ఉంటుంది. తలుపు చప్పుడైతే లేవడానికే రెండు నిమిషాలు పడుతుంది. కళ్లెదుట భార్య మెడ చీరుకుపోయిన మనిషికి హక్కుల గురించి చెబితే చెవికెక్కదు. ముందు గొలుసు ఏమైంది, స్టేషన్ వాళ్లు ఏమన్నారు అని అడుగు. ఆయన చెప్పేది పూర్తిగా విను. ఆ తర్వాత నీ సంగతి చెప్పు.

నా అనుభవం ఒకటి రాస్తాను. ఒకరోజు మధ్యాహ్నం హాల్లో కూర్చుని అన్నం తింటున్నాను. రెండు ముద్దలు తిని ఎందుకో మా ఆవిడ ఫోటో వైపు చూసి లేచిపోయాను. అయిదు నిమిషాల్లో పెద్దాడి ఫోను. 'నాన్నా, అన్నం ఎందుకు వదిలేశావు? పప్పులో ఉప్పు ఎక్కువైందా?' అని. అక్కడ అర్ధరాత్రి దాటింది. వాడికి ప్రేమే, కాదనను. కానీ ఆ రోజు నాకు నా భార్య కోసం బాధపడే చోటు కూడా లేకుండా పోయిందనిపించింది. భుజం మీద తువ్వాలు తీసి కెమెరా మీద కప్పాను. కప్పిన పది నిమిషాలకి చిన్నాడు ఫోన్ చేసి కంగారు పడ్డాడు.

ఆ సాయంత్రమే ఇద్దరితోనూ మాట్లాడాను. హాల్లో కెమెరా తీయించాను, గేటు దగ్గరది ఉంచాను. పొద్దున ఏడింటికీ రాత్రి తొమ్మిదింటికీ నేనే ఫోన్ చేస్తాను. ఊరెళ్లేటప్పుడు, తాళం వేసిన ఇళ్లని కనిపెట్టుకోవడానికి మన పోలీసులు పెట్టిన ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో చెబితే వాళ్లే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు, తిరిగొచ్చాక తీసుకెళ్తారు. తీసుకెళ్తారు చూడు, అది నాకు బాగా నచ్చింది. ఎంతకాలం, దేనికోసం అన్నది ముందే తెలిసిన కెమెరా అది.

నువ్వు పిన్ని ఉన్నప్పుడు వెళ్లు. ఆయన ఒక్కడే ఉన్నప్పుడు వద్దు.

బ్రాడీపేట టైలర్ (పదకొండు రోజుల తర్వాత)

ఆలస్యమైంది, ఏమనుకోకండి. అందరికీ చెప్పాల్సింది ఉంది.

పిన్ని గారి జాకెట్టు రెండు వారాలుగా నా దగ్గరే ఉంది. అది పూర్తి చేసి పట్టుకెళ్లాను. మాస్టారు గారు చెప్పినట్టు ముందు గొలుసు గురించి అడిగాను. బాబాయి గారు అరగంట చెప్పారు. ఇంతవరకు ఒక్కసారి కూడా నేను ఇలా కూర్చుని అడగలేదని అప్పుడు తెలిసింది. ఆ రోజు తను కిందకి దిగి సంచి అందుకుని ఉంటే ఇలా జరిగేది కాదని ఆయన మనసులో పెట్టుకున్నారు.

తర్వాత కెమెరాలో ఏం కనబడుతుందో చూపించమన్నాను. ఆయన ఫోన్లో ఆ యాప్ లేనే లేదు! తలుపు మీద కెమెరా ఆయనది, చూసేది మాత్రం బెంగళూరులో వాళ్లబ్బాయి. అబ్బాయికి ఫోన్ చేసి ఈ ఫోన్లోకి యాప్ వేయించాం, ముగ్గురం కలిసి చూశాం.

తెర నిండా నా హాలు ఉంది. నా మిషను, దాని మీద సగం కుట్టిన ఆకుపచ్చ చెయ్యి, టేపు, వెనక తీగ మీద పరదా. పరదా అడుగున నా చెప్పుల జత కూడా తెలుస్తోంది. పిన్ని గారు ఫోను దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశారు. 'ఏమండీ, నేను కూడా అక్కడే కదా జాకెట్టు వేసుకుని చూసుకునేది' అన్నారు. బాబాయి గారు ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి స్టూలు తెచ్చుకున్నారు. ఈ వయసులో ఆయన్ని ఎక్కనివ్వలేదు, మావారు వచ్చి ఎక్కారు. ఫిట్టర్ తమ్ముడు చెప్పినవన్నీ ఒక్కొక్కటే చదివి చెబుతుంటే ఆ అబ్బాయి ఫోన్లో వింటూ మార్చాడు. ఇప్పుడు కెమెరా మెట్ల మలుపుని చూస్తోంది. మా గుమ్మం అంచు ఒకటి పడుతుంది, అక్కడ నల్ల డబ్బా గీశారు. మాటలు ఆపేశారు. షేర్ లిస్టులో మూడో ఫోను ఒకటి ఉంది, ఎవరిదో వాళ్లకే గుర్తులేదు. తీసేశారు.

ఆ అబ్బాయి మా అమ్మాయితో మాట్లాడాడు. గేటు సంగతి తప్ప ఇంకేమీ ఆలోచించలేదని, చెల్లెలు అయితే పెట్టేవాణ్ణి కాదని అన్నాడు. తన ఫోన్లోది చెరిపేశాడు. గ్రూపులోది మాత్రం కుదరలేదు. వాట్సాప్‌లో పంపినవాళ్లు అందరి ఫోన్లలోంచి తీసేయడానికి రెండున్నర రోజులే గడువట, అది ఎప్పుడో దాటిపోయింది. దయచేసి ఎవరి ఫోన్లో వాళ్లు తీసేయండని గ్రూపులో రాశాడు. పందొమ్మిది మంది తీసేశామన్నారు. మిగతావాళ్ల సంగతి తెలియదు. రోజూ లిఫ్టులో కనబడే మొహాలే అవి.

మా అమ్మాయి ఆ రాత్రి ఎందుకు ఏడ్చిందో నేను అడగలేదు. నోటిదాకా వచ్చింది, చాలాసార్లు. తను చెప్పాలనుకున్నప్పుడు చెబుతుంది.

వచ్చే ఆదివారం జనరల్ బాడీ ఉంది. వకీలు గారూ, తీర్మానంలో ఇలా రాద్దామనుకుంటున్నాను: కారిడార్‌లో ఎవరు కెమెరా పెట్టినా ఎదుటి గుమ్మంలోకి చూడకూడదు, మాటలు రికార్డు చేయకూడదు, రికార్డింగు పోలీసులకి తప్ప గ్రూపులో పెట్టకూడదు. సరిపోతుందా?

కృష్ణలంక అడ్వకేట్

బాగుంది. ఒక్క వాక్యం కలపండి: రికార్డింగు ఎవరు చూడగలరో వాళ్ల పేర్లు అసోసియేషన్ పుస్తకంలో రాసి ఉంచాలి అని. పనిమనిషి, వాచ్‌మన్ కుటుంబం కూడా ఆ కారిడార్‌లోనే తిరుగుతారు కాబట్టి ఫ్లాటు ఓనర్లు అని కాకుండా 'ఎవరి వీడియో అయినా' అని రాయండి. 2013లో మన రాష్ట్రంలో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం కెమెరా తప్పనిసరి అని ఎవరైనా మీటింగులో అడ్డం పడితే, అది ఒకేసారి వంద మందో రోజుకి అయిదు వందల మందో వచ్చే దుకాణాలు, హాళ్ల లాంటి వాటికి అని చెప్పండి.

కెమెరాల ఫిట్టర్, గవర్నర్‌పేట

అక్కా, ఒక్కటి మర్చిపోయాను. తిరిగే కెమెరాలు కొన్ని కరెంటు పోయి వచ్చాక తల ఒకసారి చుట్టూ తిప్పి పాత చోటికే వెళ్లి ఆగుతాయి. ఈసారి కరెంటు పోయినప్పుడు ఒకసారి చూసుకోండి.

బ్రాడీపేట టైలర్

తమ్ముడూ, నిన్న మధ్యాహ్నం గాలివానకి కరెంటు పోయింది. వచ్చాక వెళ్లి చూశాను. మళ్లీ మా గుమ్మం వైపే తిరిగి ఉంది. నేను బెల్ కొట్టేలోపే బాబాయి గారు ఫోను పట్టుకుని బయటికి వచ్చారు. ఏది నొక్కాలో ఆయనే నేర్చుకున్నారు.